డ్రమ్ము జరిపిన ఉస్తాదు

పెంచలయ్యకి ఒకటే బాధ. మూడేళ్ళుగా తీగలపాడు కార్ల పందెంలో ఓడిపోతున్నాడు, అదీ ప్రతిసారీ ఒకే మలుపులో.

తీగలపాడంటే ఇప్పుడెవరికీ తెలియదు లెండి. యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికని సముద్రం ఒడ్డున సిమెంటు పలకలు పరిచి ఒక పట్టీ వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, పట్టీ మిగిలింది. ఏటా ఫిబ్రవరిలో దాని మీద పందేలు పెట్టేవాళ్ళు. పందెం కార్లంటే ఇంకేవో అనుకునేరు. రోడ్డు మీద తిరిగే మామూలు కార్లే. వెనక సీటు పీకేసి, బంపర్లు ఊడదీసి, తలుపు మీద సున్నంతో నంబరేస్తే అదే పందెం కారు. పదిహేనేళ్ళు అక్కడ మైకు పట్టుకున్నవాణ్ణి, నా మాట నమ్మండి.

ఆ పందేలకి ఒక ఆచారం ఉండేది. కారు ఎవరిదైతే వాళ్ళ పేరే మైకులో చదవాలి, కప్పు వాళ్ళకే ఇవ్వాలి. ప్రాణాలకు తెగించి తోలినవాడు అవతల నిలబడి చెమట తుడుచుకోవాలి. ఇదేం న్యాయమని నేను ఒక్కనాడూ అడగలేదు. చేతికిచ్చిన కాగితం చదివాను, పెట్టిన భోజనం తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పెంచలయ్య నెల్లూరులో మెకానిక్కు. మూడేళ్ళూ ఎవరో ఆసాముల కార్లు తోలాడు. నాలుగో ఏడు సొంత కారు తెచ్చాడు. టాక్సీగా తిరిగి తిరిగి అరిగిపోయిన పాత ఫియట్ అది. ఆర్నెల్లు దాని కిందే పడుకుని బాగుచేసుకున్నాడు. "ఈసారి కారూ నాదే, తోలేదీ నేనే. మైకులో నా పేరు మోగాల" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. పైగా అదే ఆఖరి ఏడు. పట్టీని సర్కారు వెనక్కి తీసుకుంటోంది, ఇంక పందేలుండవని తేల్చి చెప్పేశారు. ఈసారి ఓడితే మళ్ళీ అన్న మాటే లేదు.

అతని గురువు దస్తగిరి ఉస్తాదు. అరవై దాటిన మనిషి, మాట చాలా పొదుపు. పెంచలయ్యకి స్పానరు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. ఒకప్పుడు ఆ పట్టీ మీదే తోలి మూడుసార్లు గెలిచాడు. మూడు కప్పులూ ముగ్గురు ఆసాముల ఇళ్ళల్లో ఉన్నాయి.

పందెం ముందురోజు మధ్యాహ్నం నేను మైకు వైర్లు లాగుతున్నాను. పెంచలయ్య పందెంలో చేరే కాగితం నింపి నా చేతికిచ్చాడు. యజమాని పేరు దగ్గర తన పేరు ఇంతింత అక్షరాలతో రాసుకున్నాడు. తర్వాత ఉస్తాదు దగ్గరికి పోయి చతికిలబడ్డాడు.

"ఉస్తాదూ, ఆ మలుపొక్కటీ నాకు లొంగడం లేదు. మూడో డ్రమ్ము కాడ బ్రేకు తొక్కితే అందరూ దాటిపోతుండారు. నాలుగో డ్రమ్ము కాడ తొక్కితే ఇసకలో పడతా ఉండా. రెంటికీ మధ్యన ఏదో గుట్టుంది. మీకు తెలుసు, చెప్పరు."

మలుపు వస్తోందని తెలియడానికి పట్టీ అంచున ఆరు ఖాళీ డ్రమ్ములకి తెల్లసున్నం కొట్టి నిలబెట్టేవాళ్ళు. డ్రైవర్లందరికీ అవే గుర్తు.

ఉస్తాదు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "పోయి అన్నం తిని రా. ఒక రౌండు కొట్టి చూపిద్దువు" అన్నాడు.

పెంచలయ్య పోయాడు. ఉస్తాదు లేచి మలుపు దగ్గరికి నడిచి, అవతల ఇసకలో వంగి ఏదో ఏరడం మొదలుపెట్టాడు. అరగంట ఏరాడు. ముసలాయనకి ఎండదెబ్బ తగిలిందేమోనని నేను నీళ్ళ చెంబు కూడా పంపాను. తర్వాత ఆ ఆరు డ్రమ్ముల్నీ ఒక్కొక్కటే దొర్లించి ముప్పై అడుగులు మలుపు వైపుకి జరిపాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఎందుకని అడిగితే, "చూస్తుండు సారూ" అన్నాడు.

పెంచలయ్య వచ్చాడు. కారెక్కాడు. మంచి ఊపు మీద వచ్చి సరిగ్గా మూడో డ్రమ్ము దగ్గర బ్రేకు తొక్కాడు. కారు మలుపు తిరగలేదు. తిన్నగా ఇసకలోకి పోయి, రెండు సార్లు గిర్రున తిరిగి, దుమ్ములో కనపడకుండా పోయింది.

దుమ్ము తగ్గాక పెంచలయ్య దిగాడు. ఒంటి మీద గీత కూడా లేదు, కోపం మాత్రం నెత్తికెక్కి ఉంది.

"డ్రమ్ములు జరిపిందెవరు?"

"నేనే."

"నన్ను చంపుదామనుకున్నారా ఏంది?"

"చావవులే. ఇసకలో రాళ్ళన్నీ ఏరేశా."

ఉస్తాదు నింపాదిగా అడిగాడు.

"అబ్బయా, మలుపు యాడుంది?"

పెంచలయ్య వేలు చూపించాడు.

"అది డ్రమ్ము. నేనడిగింది మలుపు."

పెంచలయ్య తల దించుకున్నాడు.

"చెప్పులిప్పు" అన్నాడు ఉస్తాదు.

మిట్టమధ్యాహ్నం ఎండ. సిమెంటు పలకల మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. ఉస్తాదు తన చెప్పులూ విడిచేసి ముందు నడిచాడు. ఇద్దరూ మలుపు వైపు పోతుంటే నేనూ వెనకే పోయాను. చెప్పులు మాత్రం విడవలేదు, నాకంత భక్తి లేదు.

"కాలుతోందా?"

"మాడిపోతోంది ఉస్తాదూ."

"ఈ పలక?"

"ఇది అంత లేదు."

"ఎందుకని?"

పెంచలయ్య వంగి చేత్తో తడిమాడు. కంటికి ఆనని సన్నటి ఇసక పలక మీద పరుచుకుని ఉంది. సముద్రపు గాలి తెచ్చి పోసిన ఇసక. టైరు జారేది అక్కడేనని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దాని పక్క వరస పలకలు శుభ్రంగా, నిప్పుల్లా ఉన్నాయి. కాస్త ముందు ఒక పగులు, కాలి వేళ్ళకి గట్టిగా తగిలింది. పగులు దాటాక పలక లోపలి వైపుకి వాలి ఉంది.

పెంచలయ్య ఆ పగులు మీద మూడుసార్లు ముందుకీ వెనక్కీ నడిచాడు. నాలుగోసారి కళ్ళు మూసుకుని నడిచాడు.

ఉస్తాదు నడుస్తూనే, పొలంలో గట్లు చూపించినట్టు ఒక్కో పలకా చూపిస్తున్నాడు. "ఇక్కడ శాంసన్ బోల్తా కొట్టాడు. లారీ డ్రైవరు, చెయ్యి తిరిగినోడు. అదిగో, ఆ మరక కాడ మునిరత్నం టైరు పేలింది. అయినా ఆగలేదు, చక్రం ఇనుము మీదే వచ్చి గెలిచాడు. ఖాసిం ఈ మలుపులో బ్రేకే తొక్కేవాడు కాదు. నాకు నేర్పింది అతనే."

పెంచలయ్య ఆగిపోయాడు. "ఈ పేర్లు నేనెప్పుడూ వినలేదే."

"యాడ వింటావు? వాళ్ళకి కార్లు లేవు గదా."

నేను అటు తిరిగి సముద్రం కేసి చూశాను. మునిరత్నం గెలిచినరోజు మైకులో నేను చదివింది ఎవరి పేరో నాకు బాగా గుర్తుంది.

"మరి మీరు?" అన్నాడు పెంచలయ్య.

"నేనా? నేను ప్రాణాలతో ఇల్లు చేరినోణ్ణి" అని ఉస్తాదు డ్రమ్ముల్ని మళ్ళీ వాటి చోటికి దొర్లించడానికి పోయాడు.

ఆ సాయంత్రం పెంచలయ్య నా బల్ల దగ్గరికొచ్చి తన కాగితం వెనక్కి అడిగాడు. యజమాని పేరు దగ్గర ఉన్నది కొట్టేసి, పైన దస్తగిరి అని రాశాడు. ఏడాదంతా ఊరికి చెప్పుకున్న మాటని ఒక్క గీతతో కొట్టేశాడు.

"ఏందయ్యా ఇది? కారు నీదేగా?" అన్నాను.

"ఆయన లేకపోతే అది ఇనప సామాను సార్. మీరు మాత్రం నోరు విప్పొద్దు. తెలిస్తే ఒప్పుకోడు."

మర్నాడు పధ్నాలుగు కార్లు బయల్దేరాయి. పది రౌండ్లు. మద్రాసు నుంచి వచ్చిన ఎర్రకారు మొదటి నుంచీ ముందుంది. పెంచలయ్య ఆరోవాడు. నాలుగో రౌండులో ఎవరిదో కారు జారి డ్రమ్ములకి గుద్దుకుంది. ఆరు డ్రమ్ములూ దొర్లి చెల్లాచెదరయ్యాయి. పందెం నడుస్తుంటే వాటిని నిలబెట్టడానికి ఎవరు పోతారు?

ఇంక చూడాలి ఆ డ్రైవర్ల అవస్థ. గుర్తు పోయింది. ఒకడు భయపడి ఎప్పుడో బ్రేకు తొక్కి నత్తలా తిరిగాడు. ఇంకొకడు మొండికేసి ఇసకలో పడ్డాడు. పెంచలయ్య కారు మాత్రం ఆ పగులు మీద ఒక్కసారి ఎగిరిపడడం, వెంటనే లోపలికి వాలిన పలక పట్టుకుని తిరగడం, అంతే. ప్రతి రౌండూ అదే చోట, అదే కుదుపు. ఒక్కొక్కణ్ణే మలుపులో దాటుకుంటూ వచ్చాడు. తొమ్మిదో రౌండులో అతని ముందు ఎర్రకారు ఒక్కటే మిగిలింది.

నేను మైకులో ఏం చెప్పానో నాకే తెలియదు. నా గొంతు పోయింది. జనం తాడు దాటి పట్టీ అంచుకొచ్చేశారు. ఆఖరి రౌండు, ఆఖరి మలుపు. ఎర్రకారు ఇసక పేరుకున్న పలక మీదికి పోయి ఒక్క జానెడు జారింది. పెంచలయ్యకి ఆ జానెడు చాలింది. కారు పొడవంత తేడాతో గెలిచాడు.

నెల్లూరు జనం ఈలలు, కేకలు. ఎవరో తలపాగాలు విసిరేస్తున్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. కాగితం తీసి గొంతు ఉన్నంత మేరా చదివాను.

"విజేత, కారు నంబరు పదకొండు. యజమాని, దస్తగిరి."

ఉస్తాదు అప్పటిదాకా సోడా బండి పక్కన నిలబడి ఉన్నాడు. ముందు తనని కాదనుకున్నాడు. జనమే తోసుకొచ్చి ఆయన్ని బల్ల మీదికెక్కించారు. కప్పు చేతిలో పెట్టారు. పాతికేళ్ళు ఆ పట్టీ మీద నలిగిన మనిషి తన పేరు అక్కడ వినడం అదే మొదలు. పెంచలయ్య కింద నిలబడి చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

ఉస్తాదు అతని వైపు చూశాడు. తర్వాత నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అందులో మాట్లాడటం చేతకాక, దాన్ని నోటికి ఆనించి అరిచినంత పని చేశాడు.

"తోలింది పెంచలయ్య."

జనం ఆ పేరు పట్టుకున్నారు. మైకు అక్కర్లేకుండానే ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మోగింది. ఆసాముల కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా లేచారు.

పెంచలయ్య బల్ల ఎక్కి ఉస్తాదు కాళ్ళ మీద పడబోయాడు. ఆయన భుజం పట్టి ఆపేశాడు.

"బానెట్టు ఎత్తకుండానే వచ్చేశావు. ఇంజను ఉడికిపోతుంటాది, పద."