తొలిముద్ద ఉద్యోగం

ఒకానొక రాజ్యంలో మూడేళ్ళుగా వానలు లేవు. రాజుగారి బిరుదులు మాత్రం ఏటా రెండేసి పెరుగుతూ వచ్చాయి. ఆయన పేరు రణభైరవ భూపతి. యుద్ధం చేసి ఎరగడు గానీ, బిరుదులన్నీ చదివితే తప్ప కొలువుకు వచ్చి కూర్చునేవాడు కాదు.

కరువుకు అన్నిటికంటే ముందు మూతపడ్డవి దొరల వంటశాలలు. వండేవాళ్ళూ, వడ్డించేవాళ్ళూ వీధిన పడ్డారు. వాళ్ళలో బయ్యన ఒకడు. అన్నం నోట్లో పెట్టుకుంటే ఏ బావి నీళ్ళతో వండారో చెప్పగల నాలుక అతనిది. ఇప్పుడు ఆ నాలుకకు దొరుకుతున్నది చింతగింజల పిండితో కాచిన జావ. అది కూడా భార్య నాగసానికీ, ఇద్దరు కూతుళ్ళకూ పోశాక మిగిలితేనే. చిన్నకూతురు నాలుగు రోజులుగా మంచం దిగలేదు.

ఆకలి రుచి ఎరగదంటారు. సరిగ్గా అలాంటి రోజుల్లో కోటలో రుచి చూసేవాడి కొలువు ఖాళీ అయింది.

దాన్ని తొలిముద్ద ఉద్యోగం అనేవారు. రాజుగారికి వడ్డించిన ప్రతి పదార్థంలోంచీ ఒక ముద్ద ముందుగా అతను తినాలి. రుచిలో తేడా తగిలితే చెప్పాలి. ఏమీ అనకుండా ఒక గడియసేపు కుదురుగా కూర్చుంటే విషం లేనట్టు. అప్పుడు రాజుగారు భోంచేస్తారు. పాత మనిషి ఈమధ్యే పోయాడు, విషంతో కాదు లెండి, ముసలితనంతో. ఆయన ఇంటికి నెలకు రెండు బస్తాల వడ్లు వెళ్ళేవి.

తెల్లవారేసరికి కోటగుమ్మం ముందు మూడు వందల మంది చేరారు. వాళ్ళను చూడగానే మంత్రి మల్లపామాత్యుడికి ఒక ఆలోచన వచ్చి, వేలంపాట పెట్టాడు. సంతలో పాట పైకి పోతుంది, ఇక్కడ కిందికి పోయింది. రెండు బస్తాలకు చేసేవాడెవడని అడిగితే మూడు వందల చేతులు లేచాయి. బస్తాకు అన్నా లేచాయి. కుంచెడు గింజలకు అన్నా ఒక్క చెయ్యి దిగలేదు. సిగ్గుపడాల్సింది వాళ్ళు కాదు, అయినా వాళ్ళే తలలు దించుకుని చేతులెత్తారు. చివరికి ఆ ముద్దలే జీతమనీ, ఇంటికి గింజ కూడా పంపేది లేదనీ మంత్రి తేల్చేశాడు. అప్పుడూ ఎవరూ కదల్లేదు.

ఆ గుంపులోంచి బయ్యనను ఏరి లోపలికి పిలిపించాడు. అతని నాలుక సంగతి ఊరంతటికీ తెలుసు. గీటురాయి లాంటి నాలుక కావాలి, గులకరాయి వెల ఇవ్వాలి. అదీ మంత్రిగారి తెలివి.

కొలువులో బయ్యన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి నెలకు ఒక్క బస్తా పంపమని, తనకేమైనా అయితే అది ఆగిపోకుండా చూడమని బతిమాలాడు.

రాజు మీసం సవరించుకున్నాడు. "రాజభోజనం తింటావు. చాలదా? మా పళ్ళెంలో మాకంటే ముందు చెయ్యి పెట్టే భాగ్యం ఎవడికి దొరుకుతుంది?"

"బయట ఇంకా రెండు వందల తొంభై తొమ్మిది మంది ఉన్నారు" అన్నాడు మంత్రి. "ఒప్పుకుంటే ఇప్పుడే కూర్చో. లేదా, దారి అటు."

బయ్యన లెక్క వేసుకున్నాడు. పళ్ళెంలోది మెతుకైనా కోట దాటకూడదని నియమం. తాను ఇక్కడ నేతి అన్నం తింటూ ఉంటే అక్కడ పిల్ల పోతుంది. ఒప్పుకోకపోతే నలుగురూ పోతారు. సరేనని తలూపి, పెరట్లో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

అన్నం, పప్పు, వంకాయ కూర, పులుసు, పరమాన్నం, ఒక్కొక్కటీ ఒక్కొక్క ముద్ద తిన్నాడు. ఎన్నాళ్ళకో నెయ్యి వాసన తగిలి కళ్ళ నీళ్ళు తిరిగాయి. చూస్తున్నవాళ్ళు కూరలో కారం ఎక్కువైందనుకున్నారు.

గడియ గడిచింది. బయ్యన కదల్లేదు, మెదల్లేదు. రాజు ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు.

"ప్రభూ, పప్పు ముద్దలో చేదు తగిలింది" అన్నాడు బయ్యన, తొందరేమీ లేకుండా.

రాజు చేతిలోని ముద్ద జారి ఒళ్ళో పడింది. ఒకడు వైద్యుడి కోసం పరిగెత్తాడు. వంటవాళ్ళను కట్టి తెమ్మని మంత్రి కేకలు పెట్టాడు. రాజు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"గడియ నుంచీ ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పి నేనేం చేసుకోను ప్రభూ? విషమైతే నా బాధ ఇవాళే తీరిపోతుంది, పిల్ల చావు చూడక్కర్లేదు. బతికితే మాత్రం ఇంటికి ఏం పట్టుకెళ్తాను? మంత్రిగారు పొద్దున్నుంచి పాట పెట్టి వెతికింది నాలాంటివాడి కోసమే, చావడానికి ఏమీ అడగనివాడి కోసం. అలాంటివాడు చేదు తగిలితే నోరెందుకు విప్పుతాడు? బతకాలని ఉన్నవాడైతే తొలిముద్దకే అరుస్తాడు."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

అప్పుడు బయ్యన రొంటిలోంచి ఒక వేపరెమ్మ తీసి ముందు పెట్టాడు. పెరట్లో చేతులు కడుక్కున్నప్పుడు తుంచుకున్నానని, తన ముద్దలో మాత్రమే రెండాకులు కలుపుకున్నానని, రాజుగారి పళ్ళెంలో ఏ దోషమూ లేదని చెప్పాడు.

రాజుకు ఊపిరితోపాటు నవ్వు కూడా వచ్చింది. "అయితే ఇదంతా యుక్తేనన్నమాట."

"వేపాకు యుక్తే ప్రభూ. చెప్పబుద్ధి కాకపోవడం నిజం."

రాజు నవ్వు సగంలో ఆగింది. నెలకు రెండు బస్తాల వడ్లు బయ్యన ఇంటికి పంపాలని, అతను పోయినా నాగసాని బతికున్నన్నాళ్ళూ ఆపకూడదని అక్కడికక్కడే రాయించాడు. మంత్రి ఏదో గొణగబోతే, నీ కొలువుకు కూడా పాట పెట్టి చూద్దామా అని అడిగాడు. గుమ్మం ముందున్న మిగతావాళ్ళను భటులు సాయంత్రానికి కర్రలతో వెళ్ళగొట్టారు. వాళ్ళ గురించి ఎవరూ ఏమీ రాయించలేదు.

ఆ పూటే వడ్లు ఇంటికి చేరాయి. నాగసాని దంచి, పలచగా గంజి కాచి, చిన్నదాని నోట్లో చుక్కచుక్కగా పోసింది. రెండో రోజుకు పిల్ల కళ్ళు తెరిచి నాన్నా అని పిలిచింది. మూడో రోజుకు గోడ పట్టుకుని నిలబడింది.

నాలుగో రోజు కోటలో ముద్ద కలిపిన బయ్యనకు దాన్ని నోటిదాకా ఎత్తడం చేతకాలేదు. ఇన్నాళ్ళూ లేని ప్రాణభయం పట్టుకుని చెయ్యి గడగడ వణికింది. కళ్ళు గట్టిగా మూసుకుని మింగాడు.

ఆ వణుకు చూసి రాజు తృప్తిగా నవ్వాడు. మెడలోని హారం తీసి బయ్యన ముందు పడేసి, "ఇప్పుడు మేము నిశ్చింతగా తినొచ్చు" అని భోజనానికి కూర్చున్నాడు.