మేకలు ఏ అలమారలో ఉన్నాయి?

విరోధి సంవత్సరం శ్రావణ మాసంలో ఆపద వచ్చిపడింది మేకలు కాసే గంటెమ్మకు. మందలో గొంతువాపు పుట్టి మేకలు వరసగా చస్తున్నాయి. దానికి మందు రాసిన తాళపత్రం రాజుగారి పుస్తక భాండాగారంలో ఉందని ఎవరో అంటే కోటకు పోయింది.

అక్కడి అధికారి సోమయాజి మహా పండితుడు, అంతకు మించిన గర్విష్ఠి. ఎవరొచ్చినా రోజుకు ఒక్క అలమారే తెరుస్తాడు. ఏ అలమారో వచ్చినవాళ్లే చెప్పాలి.

"మేకల అలమార, సామీ."

"అలాంటిది లేదు. రేపు రా."

మర్నాడు వైద్యం అలమార తీయించింది. అందులో మనుషులు, ఏనుగులు, గుర్రాలు ఉన్నాయి గానీ మేక లేదు. "మేకకు కూడా శాస్త్రం కావాలిటే?" అని సోమయాజి పొట్ట పట్టుకుని నవ్వాడు.

గంటెమ్మ దారిపొడుగునా ఆలోచించింది. ఈ పుస్తకాలు సర్దింది తనలాంటి వాళ్లు కాదు. సర్దినవాళ్లకు మేకతో ఏం పని?

మూడోనాడు "యాగాల అలమార తియ్యండి" అంది.

"యజ్ఞం చేస్తావా ఏమే?"

"ముందు తియ్యండి సామీ."

తీశాడు. బలిపశువుకు రోగం ఉండకూడదు కదా! అడుగు వరసలో మేక రోగాలు, వాటి మందులు, గొంతువాపుతో సహా ఉన్నాయి. సోమయాజి మొహం మాడిపోయింది.

"ఇక్కడుందని నీకెవరు చెప్పారే?"

"మీ బుద్ధే చెప్పింది. నేను మేకను సాకడానికి తలుచుకుంటాను, మీరు కొయ్యడానికి తలుచుకుంటారు. నాలాగా వెతికితే దొరకలేదు, మీలాగా వెతికితే దొరికింది. ఇక చదవండి, అవతల నా మేకలు చస్తున్నాయి."

ఆయన చదివాడు, ఆమె విన్నది, మంద బతికింది. భాండాగారంలో సోమయాజి మేకలకు వేరే అలమార పెట్టింది కూడా ఆ ఏడే, భాద్రపద శుద్ధ తదియ నాడు.