మొసళ్ల మధ్య భోజనశాల

మేఘకోటలో పటం చూడనిదే ఎవరూ అడుగు వెయ్యరు. గుడ్డ మీద గీసిన ఆ కోట పటానికి, రాజుగారు కోరిన ప్రతి గదికీ ఆస్థాన శిల్పి భైరవాచారి ఒక కొత్త ముక్క అతికించేవాడు. గది కట్టకపోయినా, కూలిపోయినా ముక్క మాత్రం తీసేవాడు కాదు. చివరికి పటం ఏనుగు మోసేంత బరువైంది. మొన్న వంటశాల అంటుకుంటే, బావి ఎక్కడుందో పటం విప్పి చూసేలోపు అంతా బూడిదైంది.

రాజు మండిపడి, లేని గదుల ముక్కలు తీసెయ్యమని కుట్టుపని చేసే గవరమ్మకు కత్తెర ఇచ్చాడు.

"ఇందులో ప్రతి గదీ ఉంది! ఒక్క ముక్క ముట్టుకున్నా ఊరుకోను!" అని ఆచారి గంతులేశాడు.

"అలాగే బాబూ. అయితే మీకు భోజనం ఈ భోజనశాలలో వడ్డించమంటాను," అంది గవరమ్మ, పటంలో వేలు పెట్టి చూపిస్తూ.

ఆచారి తొంగిచూశాడు. అది కందకం నడుమ, మొసళ్ల మధ్య, ఎన్నడూ కట్టని శాల.

"నడవండి ఆచారిగారూ, ఆకలేస్తుంటుంది," అన్నాడు రాజు.

ఆచారి కత్తెర లాక్కుని, ఉన్న గదీ లేని గదీ చూడకుండా పరపరా కత్తిరించడం మొదలెట్టాడు.

"ఆగవయ్యా, నా సింహాసనమైనా ఉంచు!" అని రాజు కేకేశాడు.