కన్నుదెరచిన గుట్ట

పూర్వం, దూరదేశపు ఓడలు మన తీరానికి వచ్చిపోయే కాలంలో, అజర్యుడనే యూదు సాధకుడు మిరియాల వర్తకులతో కలిసి వచ్చి, వర్తకం వారికే విడిచిపెట్టి, నీలరేవు అనే పల్లెకారుల ఊరి పక్కన సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిగుట్టపై తాటాకుపాక వేసుకొని ఏకాంతవాసం చేశాడు. అంచులకు కుచ్చులున్న తెల్లని ఉత్తరీయాన్ని శిరస్సుపై కప్పుకొని, సృష్టికర్త దివ్యనామాన్ని వ్రాసిన చెక్కపలకను ఎదుట నిలుపుకొని, అందలి ఒక్కొక్క అక్షరాన్నీ ఒక్కొక్క శ్వాసతో జతచేసి, వాటి వరుసలు మార్చి మార్చి మనసులో కూర్చుకొంటూ, కన్నులు మూసుకొని ధ్యానించేవాడు. ఆ నామాన్ని పెదవులతో ఉచ్చరించడం వారి సంప్రదాయంలో నిషిద్ధం.

తన మతనియమం ప్రకారం ఆయన పొలుసున్న చేప తప్ప ముట్టడని తెలిసి, రొయ్యల రుచి ఎరగనివాడు ఏం జ్ఞాని అని పల్లెవారు నవ్వుకొనేవారు. అయినా, ఆయన నోరు విప్పి ఆ పేరు పలికితే సముద్రమైనా అణగిపోతుందని వారి గట్టి నమ్మకం.

ఏళ్ల తరబడి సాధన చేయగా, ఒక శుక్రవారం సూర్యాస్తమయ వేళ ఆయన అంతరంగంలో ఆ అక్షరాలు వెలుగై కదలసాగాయి. జన్మంతా ఎదురుచూసిన ఘడియ అది. సరిగ్గా అప్పుడే ఆకాశం మబ్బు కమ్ముకొని గాలీవానా మొదలైంది. సముద్రం మీద వేటకు పోయిన దానయ్య అనే పల్లెకారు, అతనితో వెళ్లినవారు ఇంకా తిరిగి రాలేదు. అతని భార్య కాసులమ్మ గుట్టెక్కి, తడిసిన జుట్టుతో ఆయన ముందు కూలబడింది.

"సామీ, మా ఇంటాయన నడిసముద్రంలో ఉండిపోనాడు. ఒడ్డేటో, రాయేటో తెల్దు. నీ మనసులో పేరు ఒక్కపాలి బైటికి సెప్పు, గాలి తగ్గిపోద్ది!"

అజర్యుడు కన్నులు తెరిచాడు. లోపలి వెలుగు ఆరిపోయింది.

"తల్లీ, గాలిని ఆపడానికి ఆ పేరు పలికే అధికారం నాకు లేదు. నీవాడికి కావలసింది ఒడ్డు కనబడడం."

అప్పటికి, శుక్రవారం పొద్దుగూకగానే మొదలయ్యే వారి విశ్రాంతిదినం ప్రవేశించింది. ఆ దినాన నిప్పు వెలిగించడం వారికి మహాదోషం. కాని ప్రాణాపాయంలో ఆ నిషేధాన్ని దాటడమే ధర్మమని వారి శాస్త్రం. గుట్టమీద పుల్లలన్నీ తడిసిపోయాయి. పొడిగా ఉన్నది పాక లోపలి భాగం ఒక్కటే. ఆయన నామఫలకాన్ని భద్రంగా బయటికి తెచ్చి, తన చేతులతోనే పాకకు లోపలినుంచి నిప్పంటించాడు. ఆ మంటను గురుతుపట్టి పడవలు రాళ్లు తప్పించుకొని ఒడ్డుకు చేరాయి.

తరవాత ఆయన ఎన్నాళ్లు ధ్యానానికి కూర్చున్నా ఆ వెలుగు మళ్ళీ రాలేదు. అందుకు ఆయన కన్నీరు పెట్టుకొన్నాడు. మహనీయుడు కదా అని ఆ దుఃఖాన్ని దాచడం నాకు ఇష్టం లేదు.

"మావల్ల నీ తపస్సు పోనాది సామీ," అని కాసులమ్మ వాపోయింది.

"పోయింది తల్లీ. దానయ్య వచ్చాడు," అన్నాడాయన.

నాటినుంచి అది కన్నుదెరచిన గుట్ట అయింది. నేటికీ అక్కడ మొక్కుకొనేవారెవరూ కన్నులు మూసుకోరు. సముద్రం వైపు నిలబడి, రావలసిన పడవలన్నీ వచ్చాయో లేదో చూసుకొని, ఆ తరవాతే చేతులు జోడిస్తారు.