మొదటి ఆకు దాటని నవల

నల్లవాగు పక్కనున్న టేకు అడవిలో నాంచారి అనే ముళ్లపంది నవల రాయడానికి కూర్చుంది. రాలిన ముల్లే ఆమెకు కలం, టేకాకులే కాగితాలు. ముందటేడు ఆ అడవిని ముంచిన వరద గురించి ఆ నవల.

రాయమని అడిగింది అంకమ్మ అనే ముసలి ఏనుగు. ఆమె కూతురు ఆ వరదలోనే కొట్టుకుపోయింది. ఇప్పుడు అంకమ్మ లేచి నడవలేని స్థితిలో ఉంది.

"నా పిల్ల పోయిందని అందరూ చెప్పారు నాంచారీ. అది బతికిన బతుకు ఎవరూ చెప్పలేదు. దానితో తిరిగినదానివి, నువ్వు రాయి. నేను పోయేలోగా వినాలి," అంది.

నాంచారి మొదటి ఆకు రాసి నక్క గవరయ్యకు చూపించింది. చదువుకున్నవాడని అతడికి అడవిలో పేరు.

"వాన మొదలైంది అని రాశావు చెల్లెమ్మా. ఎలాంటి వాన? మొదటి ఆకు తేలిపోతే నవలంతా తేలిపోతుంది. ఇది కుదిరాకే రెండోది ముట్టుకో," అన్నాడు గవరయ్య.

అతడి బాధ వాన గురించి కాదు. వరద రోజున, వాగు దాటొచ్చో లేదో చూసి రమ్మని అందరూ అతణ్ణే పంపారు. అతడు దారిలో ఓ పొద కింద కునుకు తీసి వెనక్కి వచ్చి, "మోకాలి లోతే, దిగండి," అన్నాడు. ఆ మాట నమ్మి ఏనుగులు రేవులో దిగాయి. వరద గోలలో ఆ మాట ఎవరన్నదో తర్వాత ఎవరూ తలచుకోలేదు. కథ ఆ రేవు దాకా రాకూడదని అతడి ఆరాటం.

నాంచారికి ఇదేమీ తట్టలేదు. వానను మార్చి మార్చి రాసింది. ఎండాకాలం సగం గడిచిపోయింది.

"ఎక్కడిదాకా వచ్చావు?" అని అడిగింది అంకమ్మ. ఆమె గొంతు బాగా సన్నబడింది.

"ఇంకా వాన దగ్గరే ఉన్నాను పెద్దమ్మా. కుదరడం లేదు."

"వాన నేనూ చూశాను. నా పిల్ల అనగానే నీకు ముందేం గుర్తొస్తుంది?"

"వెలగపండు దొరికితే తినేది కాదు. నోట్లో పెట్టుకుని నాకు చూపించడానికి పరిగెత్తుకొచ్చేది."

"అక్కణ్ణించే రాయి. ముందువెనకలు నేను సర్దుకుంటాను. తప్పులుంటే ఉండనీ. తప్పుల్లేకుండా రాసేదాకా నేనుండను తల్లీ."

నాంచారి వెలగపండు దగ్గర మొదలుపెట్టింది. గుర్తు రానిచోట ఖాళీ వదిలి ముందుకు దూకింది. కొన్ని వాక్యాలు సగంలో తెగాయి. వెనక్కి తిరిగి చూడలేదు. ఏడుపొస్తే ఏడుస్తూనే రాసింది. అలా రాస్తూ రాస్తూ రేవు దగ్గరికి వచ్చి, "మోకాలి లోతే" అన్న మాట రాసి ఆగిపోయింది. గవరయ్య తనను వాన దగ్గర ఎందుకు కట్టేశాడో అప్పుడు అర్థమైంది.

మర్నాడు మొదటి ఆకు తీసుకుని అతడి దగ్గరికి వెళ్లింది. "అన్నా, నీ అంత చక్కగా నాకు రాదు. దీన్ని నువ్వే దిద్దిపెట్టు."

"తొందరేముంది చెల్లెమ్మా, నిదానంగా చూస్తాను," అని గవరయ్య సంతోషంగా అందుకున్నాడు. ఇక ఆ ఆకు తిరిగివ్వనక్కర్లేదు, కథా కదలదు అనుకున్నాడు.

అతడు దాన్ని పట్టుకుని కూర్చుంటే, నాంచారి మిగతాదంతా రాసి ముగించింది. ఆమె చదువుతుంటే అంకమ్మ చుట్టూ అడవంతా కూర్చుని వింది. అలికిడికి గవరయ్య వచ్చాడు.

"మొదటి ఆకు నా దగ్గరుంటే ఏం చదువుతున్నారు?" అన్నాడు.

నాంచారి అప్పుడే కథలో రేవు దగ్గరికి వచ్చింది. అతడన్న మాటను అతడి ముందే చదివింది. అడవంతా అతడివైపు తిరిగింది. అతడు తల దించుకుని పొదల్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వాగు దగ్గర ఎవరికీ కనిపించలేదు.

అంకమ్మ మాత్రం అతడు వెళ్లినవైపు చూడలేదు. "ఆగకు నాంచారీ," అంది. ఖాళీలు వచ్చినచోట తనకు తెలిసింది తనే చెప్పింది. నాంచారి రాసుకుంది.

కథ ముందు నడవాలి, దిద్దుబాటు దాని వెనక రావాలి.