పిల్లి పెట్టిన రెండు ముంతల పరీక్ష

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ చివర కూర్చుంటే వినపడదు.

ఒక కల్లుపాకలో ఎలుకలుండేవి. గోడకు అటు బూడిద ఎలుకలు, ఇటు ఎర్ర ఎలుకలు. ఆ పాకలో పెత్తనం గండుపిల్లిది. ఒకరోజు అది రెండు ముంతలు పెట్టింది. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కల్లు.

"ఒక్కొక్కరే వచ్చి ఇష్టమైంది తాగండి. పక్కనే కూర్చుని చూస్తాను. తాగుడు ఏ వంశం రక్తంలో ఉందో తేలితే, ఆ వంశాన్ని ఇక్కడ ఉండనివ్వను" అంది.

ఉండనివ్వను అంటే ఏమిటో ఎలుకలకు తెలుసు.

మూడు రోజుల్లో ఎర్రవన్నీ కల్లు ముంతకే మరిగాయి. బూడిదవీ తాగాయి, కాస్త తక్కువ.

"ఎర్రవాళ్లది చెడు రక్తం. రేపు వాళ్ల అవ్వ ఉందే, ఆ ముసలిదాని మనవరాలితో మొదలుపెడతా" అంది పిల్లి.

ఎర్ర ఎలుకవ్వకు మిగిలింది ఆ మనవరాలొక్కతే. అవ్వే పిల్లి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, నిన్న నువ్వు చేపలకని వాగుకు పోయినప్పుడు మా పిల్ల ఆ ముంతల దగ్గరికే వెళ్లి నీళ్లు తాగింది. ఒక్కపూటకి రక్తం మారిందంటావా?"

"ఎక్కువ మాట్లాడకు ముసలీ. మా వంశంలో కల్లు ముట్టినవాడే లేడు."

"భయమేస్తే మావాళ్లు బూడిదవాళ్లకన్నా ఓ గుక్క ఎక్కువే తాగుతారు, కాదనను. నువ్వూ ఒకసారి ఆ పరీక్షకు కూర్చో. నీళ్లే తాగితే పిల్లను నేనే తెచ్చి అప్పగిస్తాను."

"ఇంతేనా? కూర్చుంటా."

"పక్కన చూసేవాళ్లు ఉండాలిగా. కుక్క తమ్ముణ్ణి రమ్మన్నాను."

కుక్క వచ్చి జానెడు దూరంలో కూర్చుంది. "నేనేం చెయ్యను. ఊరికే చూస్తా. లేచి పరిగెత్తావంటే మాత్రం నా కాళ్లు ఆగవు" అంది.

పిల్లి నీళ్లలో మూతి పెట్టింది. కుక్క ఆవులించింది. పళ్లన్నీ కనబడ్డాయి. పిల్లి నీళ్లలోంచి మూతి తీసేసింది. మెల్లగా కల్లు ముంత వైపు జరిగి, అడుగు మడ్డి దాకా నాకేసింది.

"మీ వంశంలో నువ్వే మొదలా అయ్యా?" అని అడిగింది అవ్వ.

పిల్లి వెక్కిళ్లు పెట్టి, అక్కడే పడి నిద్రపోయింది.

"పరిగెత్తనిదాంతో నాకేం పని" అని కుక్క వెళ్లిపోయింది.

మర్నాడు పిల్లి లేచేసరికి కన్నాలన్నీ ఖాళీ. ఎర్రవీ బూడిదవీ కలిసి వాగు దాటి వేరుశనగ చేలో కాపురం పెట్టాయి. అక్కడ అవ్వ మనవరాలు మళ్లీ కల్లు అడగలేదు. పిల్లి మాత్రం ఆకలితో రెండు ముంతల ముందు కూర్చుంది.

ఒకడు తాగుతుంటే వాడి తాతముత్తాతల్ని తవ్వి ఊరుకోకుండా, వాణ్ణి భయపెడుతున్నదెవరో కూడా చూడాలి.

ఇక లేవండి. అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్లకు పోయి తినండి.