దారి అడగని సూరమ్మ

అనగనగా, ఏ రాజూ దండెత్తి రాని ఒక చిన్న పేట. ఆ పేటలో గాజులమ్ముకునే సూరమ్మ ఉండేది. గాజుల మలారం భుజాన వేసుకుని నలభై ఏళ్ళు ఊరూరా తిరిగింది. ఎందరి చేతులకో గాజులు తొడిగింది. పొద్దుగూకితే మాత్రం ఎవరిదో ఒక అరుగు. తెల్లారగానే "ఇక లే, కళ్ళాపి చల్లాలి" అనేవారు.

"నన్ను లేపే హక్కు ఎవరికీ లేని గూడు ఒకటి కావాలి" అనుకుంది. కూడబెట్టిన డబ్బు కొంగున ముడేసి బయలుదేరింది.

మొదట ఒక మోతుబరి స్థలం చూపించాడు.

"ఇది ఎవరి పేరున ఉంది బాబూ?"

"మా నలుగురు అన్నదమ్ములది. ఏం, నేనొక్కణ్ణి చాలనా?"

"చాలవు నాయనా. రేపు ఆ ముగ్గురూ వచ్చి మా భాగమేదంటే నేనెక్కడ నిలబడను?"

తరువాత షావుకారు పిలిచాడు. ఇల్లూ తనదే, అప్పూ తనే ఇస్తానన్నాడు.

"ఒక్క వాయిదా తప్పితే?"

"ఇల్లు నాది."

"అప్పటిదాకా నేను కట్టింది?"

"అదీ నాదే."

"అయితే నీ ఇంటికి నేను కాపలాదాన్ని. జీతం ఎంతిస్తావు?" అని లేచి వచ్చేసింది.

మూడోది, వలస పోతున్న కుమ్మరి రామలింగం స్థలం. అతనొక్కడిదే. ధర కొంగు ముడికి సరిపోయింది. సూరమ్మ తనే తాడు పట్టి కొలిచింది. జానెడు తేడా రాలేదు.

ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. స్థలం చేతులు మారేటప్పుడు నాలుగు వైపుల పొరుగువాళ్ళకూ తాంబూలమిచ్చి, అందరూ కలిసి హద్దులు తిరగాలి.

"తూర్పున సింగన్నని తప్పక పిలవాలమ్మా. ఎందుకంటే ఆ..." అని కుమ్మరి చెప్పబోయాడు.

"వాడి పేరెత్తకు! పన్నెండేళ్ళ కిందట తన కూతురి పెళ్ళిలో నా గాజులు పగుళ్ళవని నలుగురిలో విసిరికొట్టాడు. వాడికి నేను తాంబూలమా? ముగ్గురు చాలు!"

కుమ్మరి మిగతా ముగ్గురినే పిలుచుకొచ్చి హద్దులు తిప్పాడు.

ఇల్లు లేచింది. సింగన్న చూస్తూ ఊరుకున్నాడు. పైన తాటాకు కప్పిన మర్నాడు తూర్పున ముళ్ళకంచె వేశాడు.

"స్థలం నీదే సూరమ్మా, కాదన్నదెవరు? నువ్వు నడిచే ఈ గట్టు మాత్రం నాది. కుమ్మరిని మంచితనానికి నడవనిచ్చాను."

మిగతా మూడు వైపులా ఇళ్ళ వెనక గోడలే. బయటికి రావాలంటే సూరమ్మ కంప కింద పాకాలి. పాకితే గాజులు పగిలేవి, మోచేతులు చీరుకుపోయేవి. బేరం పోయింది. పలకరించడానికి వచ్చే మనిషి లేడు. వంట ఒక్కదానికి, మాట గోడకి. అరుగు మీద పడుకున్ననాడు తిట్టడానికైనా ఒకరుండేవారు. ఇప్పుడు తనని లేపేవారు లేరు, లేచిందా లేదా అని చూసేవారూ లేరు.

నెల తిరిగాక తాంబూలం పట్టుకుని సింగన్న గడప ముందు నిలబడింది.

"ఇదే ఆనాడు ఇచ్చివుంటే కంచె వేసేవాణ్ణా? సరే, నడువు పో" అన్నాడు సింగన్న.

"నోటిమాట నువ్వున్నన్నాళ్ళే. నీ తరువాత నీ కొడుకులు ఏమంటారో! నా పెరట్లో తూర్పువైపు ఆరు మూరలు తీసుకో. గట్టు నా పేరున రాసియ్యి."

"అబ్బో, గట్టి బేరమే!"

"నా గాజులంత గట్టిది."

సింగన్న మూతి ముడిచాడు. తరువాత నవ్వాపుకోలేకపోయాడు. మర్నాడు నలుగురు పొరుగువాళ్ళూ హద్దులు తిరిగారు, కాగితం రాశారు, కంచె పీకారు.

అందరూ వెళ్ళాక సూరమ్మ గుమ్మంలో కూర్చుని ఆ దారికేసి చూసింది. ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. రాదలచుకుంటే మాత్రం రావచ్చు.

పిల్లలూ, పెద్దలూ, వినండి: స్థలం కొనేవాడు పేరు అడగాలి, అప్పు షరతు అడగాలి, దారి మరవకుండా అడగాలి, పొరుగువాడితో పంతం పట్టినవాడికి సొంత ఇల్లే చెరసాల.